దెబ్బ తిన్నా చేయెత్తని గల్ఫ్ దేశాలు: నిగ్రహం వెనుక నిలవ సరుకు లెక్క

గల్ఫ్ ప్రాంతంలో చమురు కేంద్రం మీదనో, ఓడ మీదనో బాంబు పడినట్లు వార్త రాగానే మన బజార్లలో ఒకే మాట వినిపిస్తుంది: "ఇక వాళ్ళు ఊరుకోరు." ఆ ఒక్క మాట మీద తేజీ పక్షం వారు రంగంలోకి దిగుతారు. ముడి చమురు, బంగారం సంగతి సరే. వాటి వెంట దిగుమతి వంటనూనెలు, యూరియా, గంధకం, ప్లాస్టిక్ ముడిసరుకు దాకా ధర చెప్పేవాడు ఒక మెట్టు ఎక్కించి చెబుతాడు. అమ్మేవాడు సరుకు వెనక్కు లాగుతాడు.

కాని 1984 మొదలు 2025 వరకు జరిగిన ఘటనలను వరుసగా తిరగవేస్తే, దెబ్బ తిన్న దేశం ఎక్కువ సందర్భాలలో ఊరుకున్నట్లే కానవస్తున్నది. నిరసన తెలిపింది, రాయబారులను పంపింది, ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. సైన్యాన్ని మాత్రం కదపలేదు. "ఊరుకోరు" అన్న మాట నమ్మి శిఖర ధరకు సరుకు పట్టినవారికి, ఆ దేశాలు ఊరుకోవడం వల్లనే నష్టం వచ్చింది.

ఈ ఊరుకోవడాన్ని పిరికితనమనేవారున్నారు; పెద్దమనసు అనేవారూ ఉన్నారు. మా దృష్టిలో ఇది నిలవ సరుకు ఉన్నవాడి లెక్క. గోదాము నిండా సరుకు, దానిపై బ్యాంకు అప్పు, వాకిట్లో లోడింగుకు నిలిచిన లారీలు ఉన్న వర్తకుడు ఆ గోదాము ముందే కొట్లాటకు దిగడు. ఆ లెక్క ఏ పద్దుల మీద నిలిచి ఉన్నదో, ఏ పరిస్థితిలో తారుమారవుతుందో తెలిస్తే యుద్ధ వార్తకు ధర కట్టడంలో పొరపాటు తగ్గుతుంది.

ట్యాంకర్లపై దాడుల కాలం

1980 సెప్టెంబరు 22న ఇరాక్ సేనలు ఇరాన్‌పై దండెత్తాయి. 1988 ఆగస్టు 20న కాల్పుల విరమణ జరిగే వరకు దాదాపు ఎనిమిదేళ్ళు ఆ యుద్ధం సాగింది. 1984 నుంచి ఇరుపక్షాలూ వాణిజ్య నౌకల మీద పడ్డాయి. ఇరాన్ చమురు ఎగుమతి కేంద్రమైన ఖార్గ్ ద్వీపానికి వచ్చే ట్యాంకర్లను ఇరాక్ విమానాలు కొట్టేవి. ఇరాక్ తన చమురును పైపులైన్ల ద్వారా పంపుకుంటున్నందున గల్ఫ్ జలాల్లో ఇరాన్ కొట్టడానికి ఇరాక్ ఓడలు లేవు. అందుచేత ఇరాక్‌కు అప్పులిచ్చి ఆదుకుంటున్న కువైట్, సౌదీ అరేబియాల రేవులకు వచ్చీపోయే ఓడలను ఇరాన్ కొట్టసాగింది. యుద్ధం ముగిసేసరికి దెబ్బ తిన్న ఓడలు నాలుగు వందలకు పైమాటే.

1984 జూన్ 5న సౌదీ ఎఫ్-15 విమానాలు గల్ఫ్ మీద ఇరాన్ యుద్ధ విమానాన్ని కూల్చాయి. రెండు దేశాల మధ్య బాహాటంగా యుద్ధం రావడానికి అది చాలు. కాని రెండూ అక్కడితో ఆగాయి. 1987 జూలై 31న మక్కాలో హజ్ యాత్ర సందర్భంగా జరిగిన ఘర్షణలో నాలుగు వందల మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఇరానీ యాత్రికులు. 1988 ఏప్రిల్‌లో సౌదీ అరేబియా ఇరాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకున్నది. అప్పుడు కూడా సరిహద్దు దాటి ఒక్క తుపాకి పేలలేదు.

కువైట్ పడ్డ పాట్లు ఇంకా ఎక్కువ. తన ట్యాంకర్లు వరుసగా దెబ్బ తింటూ ఉంటే, ఆ దేశం ఇరాన్‌పై చేయెత్తకుండా, ఓడలపై ఎగిరే జెండా మార్చింది. సోవియట్ యూనియన్ నుంచి మూడు ట్యాంకర్లు కిరాయికి తీసుకున్నది. 1987లో తన 11 ట్యాంకర్లను అమెరికా జెండా కింద నమోదు చేయించింది. ఆ సంవత్సరం జూలై 24న అమెరికన్ యుద్ధ నౌకల కాపలాలో వచ్చిన మొదటి బిడారులోనే బ్రిడ్జ్‌టన్ అనే ట్యాంకరు సముద్రపు మందుపాతర తగిలి దెబ్బ తిన్నది. అక్టోబరులో ఇరాన్ క్షిపణులు కువైట్ జలాల్లోని ఓడలనూ, సముద్రంలో ఉన్న చమురు లోడింగు వేదికనూ తాకాయి. కువైట్ సైన్యం ఇరాన్‌పై ఎదురుదాడికి దిగలేదు.

ఈ కాలంలో ధరవరలు ఎలా నడిచాయన్నది మన పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినది. 1985 చివర 30 డాలర్ల చేరువలో ఉన్న బ్యారెల్ ముడి చమురు 1986 మధ్య నాటికి 10 డాలర్ల చేరువకు దిగజారింది. ఓడలు కాలుతున్న గల్ఫ్ నుంచే సరుకు వస్తున్నది; అయినా ధర మూడో వంతుకు పడింది. ధరను నిలబెట్టడం కోసం అంతకాలం తన ఉత్పత్తి తగ్గించుకుంటూ వచ్చిన సౌదీ అరేబియా, పోయిన గిరాకీదారులను మళ్ళీ పట్టుకోవడానికి సరుకు వదిలింది. యుద్ధ వార్తలు ఒక దారిన, సరుకు ఆమద ఒక దారిన నడిచాయి. యుద్ధ వార్త చూసి కొన్నవాడు మునిగాడు. ఆమద చూసినవాడు బతికాడు.

లెక్కలో నాలుగు పద్దులు

ఈ నిగ్రహం వెనుక నాలుగు పద్దులు ఉన్నాయి.

మొదటిది, కదలని ఆస్తి. సైన్యాన్ని దాచవచ్చు, విమానాన్ని ఎగరేసుకుపోవచ్చు. శుద్ధి కర్మాగారాన్ని, రేవును, విద్యుత్ కేంద్రాన్ని దాచలేరు. గల్ఫ్ తీరాన ఇంకో ఆస్తి ఉన్నది. సముద్రపు ఉప్పునీటిని తాగేనీరుగా మార్చే కర్మాగారాలు. కువైట్, ఖతార్ వంటి దేశాల్లో తాగేనీటిలో అత్యధిక భాగం ఈ యంత్రాల నుంచే వస్తుంది. చమురు ఎగుమతి పది రోజులు ఆగితే ఖజానాకు లోటు. నీళ్ళు పది రోజులు ఆగితే ఊరే ఉండదు. ఇటువంటి ఆస్తి శత్రువు క్షిపణికి అందే దూరంలో ఉన్నప్పుడు, తాను కొట్టగలనా అన్నదాని కంటే తిరుగుదెబ్బ ఎక్కడ పడుతుందన్నదే పాలకులకు ముందు గుర్తుకు వస్తుంది.

రెండవది, దెబ్బల మారకపు రేటు. చవక డ్రోన్లు కొన్ని కలిసి వందల కోట్ల డాలర్ల యంత్రాగారాన్ని ఆపగలవు. ఆంక్షల కింద ఉండి, చమురు అమ్ముకోవడానికే నానా దారులు వెతుక్కుంటున్న ఎదుటిపక్షానికి పోయేది తక్కువ. ఒక రూపాయి నష్టం కలిగించడానికి తాను పది రూపాయలు పణం పెట్టవలసి వచ్చే బేరం ఏ వర్తకుడూ ఒప్పుకోడు.

మూడవది, అండదారుని మాట. ఈ దేశాల వైమానిక రక్షణ, విమానాల విడిభాగాలు, గూఢచారి సమాచారం చాలామేరకు అమెరికా మీద ఆధారపడి ఉన్నాయి. అండదారు తోడు రాని యుద్ధానికి ఒంటరిగా దిగడం అప్పు తెచ్చిన సొమ్ముతో సట్టా ఆడినట్లే. అండదారు వద్దన్నప్పుడు అసలే దిగలేరు.

నాల్గవది, పొరుగు. అమెరికన్ నౌకాదళం ఇవాళ ఉంటుంది, రేపు మరో సముద్రానికి పోతుంది. ఇరాన్ ఎక్కడికీ పోదు. ఖతార్ సంపదకు మూలమైన నార్త్ ఫీల్డ్, ఇరాన్‌కు చెందిన సౌత్ పార్స్ ఒకే సహజవాయు నిక్షేపానికి రెండు పేర్లు. ఒకే బావి మీద ఇద్దరు భాగస్తులు ఉన్నప్పుడు రెండో భాగస్తునితో పూర్తిగా తెంచుకోవడం ఎంత కష్టమో ఊళ్ళో వ్యవసాయం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

అబ్‌ఖైక్: సగం సరుకు ఒక్క పూటలో పోయిన రోజు

ఈ నాలుగు పద్దులకూ గట్టి పరీక్ష 2019లో వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 14 తెల్లవారుజామున సౌదీ అరేబియాలోని అబ్‌ఖైక్ చమురు శుద్ధి కేంద్రం మీద, ఖురైస్ చమురు క్షేత్రం మీద డ్రోన్లు, క్షిపణులు పడ్డాయి. రోజుకు 57 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి ఆగిపోయింది. అది సౌదీ ఉత్పత్తిలో దాదాపు సగం, ప్రపంచ సరఫరాలో సుమారు 5 శాతం. యెమెన్‌లోని హౌతీలు తామే కొట్టామన్నారు. సౌదీ అరేబియా, అమెరికా ఇరాన్ వైపు వేలు చూపాయి. ఇరాన్ కాదన్నది.

శని, ఆదివారాలు గడిచి సెప్టెంబరు 16 సోమవారం బజారు తెరవగానే బ్రెంట్ చమురు ధర దాదాపు 20 శాతం ఎగబ్రాకింది. ఆ రోజు ముగింపు 69 డాలర్ల దగ్గర. అంతకు ముందటి ముగింపు 60 డాలర్ల పైచిలుకు. "ఇక ఊరుకోరు" అన్న మాట ఆ రోజు నమ్మదగినట్లే వినిపించింది. కాని నెలాఖరుకు ధర దాడికి ముందున్న చోటికి వచ్చి చేరింది. ఆరాంకో సంస్థ నిలవల నుంచి గిరాకీదారులకు సరుకు ఇస్తూనే యంత్రాలు బాగుచేసుకున్నది. సౌదీ సైన్యం ఇరాన్ వైపు కదలలేదు. అమెరికా కూడా కొట్టలేదు.

ఈ నిగ్రహం వెనుక మరో బేరం ఉన్నది. ఆ సంవత్సరం డిసెంబరులో ఆరాంకో వాటాలు ప్రజలకు అమ్మకానికి వచ్చాయి. 2,560 కోట్ల డాలర్లు సమకూరాయి. అప్పటికి అది ప్రపంచంలోనే అతి పెద్ద తొలి వాటాల విక్రయం. దుకాణంలో భాగం అమ్మకానికి పెట్టినవాడు అదే వారంలో దుకాణం ముందు రాళ్ళ యుద్ధం మొదలుపెట్టడు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అంతకు ముందే ఈ లెక్క వేసుకున్నది. 2019 మే 12న ఫుజైరా తీరాన నాలుగు ఓడలను పేలుడు పదార్థాలతో ఎవరో దెబ్బ తీశారు. అమెరికా ఇరాన్ పేరు చెప్పింది. ఎమిరేట్స్ ప్రభుత్వం మాత్రం పేరు చెప్పడానికి జంకింది. ఆ వేసవిలోనే సముద్ర తీర రక్షణపై మాట్లాడడానికి తన అధికారులను టెహ్రాన్‌కు పంపింది. 2022 జనవరి 17న అబూధాబీ ముసఫ్ఫా పారిశ్రామిక వాడలోని ఇంధన కేంద్రం వద్ద హౌతీల దాడిలో ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. ఆ ఏడాది ఆగస్టులోనే ఎమిరేట్స్ తన రాయబారిని తిరిగి టెహ్రాన్‌కు పంపుతున్నట్లు ప్రకటించింది. 2023 మార్చి 10న బీజింగ్‌లో సౌదీ, ఇరాన్ దౌత్య సంబంధాలు పునరుద్ధరించుకోవడానికి ఒప్పుకున్నాయి.

ఆ ముగ్గురు కార్మికుల విషయం ధరల పేజీలో చెప్పడం అప్రస్తుతం కాదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి లక్షలాది మంది గల్ఫ్‌లో పని చేస్తున్నారు. మన చిన్న పట్టణాల్లో బట్టల వ్యాపారం, బంగారం వ్యాపారం, ఇళ్ళ స్థలాల బేరాలు వారు పంపే డబ్బు మీద ఎంత ఆధారపడి ఉన్నాయో అక్కడి వర్తకులే చెబుతారు. 1990లో కువైట్ పతనమైనప్పుడు లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. ఆ దేశాలు ఊరుకోవడం వల్ల దక్కే లాభంలో మన వాటా కూడా ఉన్నది.

కొట్టే అలవాటున్నవాడు కూడా ఆగిన సందర్భం

నిగ్రహం బలహీనుని లక్షణమే అయితే ఇజ్రాయెల్ 1991లో ఆగి ఉండవలసిన పని లేదు. దెబ్బకు దెబ్బ తీయడం ఆ దేశపు రివాజు. 1991 జనవరి 18 నుంచి ఇరాక్ సుమారు 40 స్కడ్ క్షిపణులను ఇజ్రాయెల్ మీద ప్రయోగించింది. టెల్ అవీవ్, హైఫా నగరాలపై పడ్డాయి. ప్రధాని యిట్జాక్ షమీర్ ప్రభుత్వం తిరిగి కొట్టలేదు. కొట్టి ఉంటే ఇరాక్‌కు వ్యతిరేకంగా అమెరికా కూడగట్టిన కూటమి నుంచి అరబ్ దేశాలు తప్పుకునే ప్రమాదం ఉన్నది. సద్దాం హుస్సేన్ కోరుకున్నదీ అదే. ఆగినందుకు ఇజ్రాయెల్‌కు పేట్రియాట్ క్షిపణి రక్షణ, ఆర్థిక సహాయం వచ్చాయి. ఇరాక్‌ను ఎలాగూ ఇతరులు కొడుతున్నారు. తన చేతి ఖర్చు లేకుండా జరిగే పనికి తాను ఎదురు ఖర్చు పెట్టలేదు.

ఖతార్ 2025లో ఇటువంటి లెక్కే వేసింది. ఆ సంవత్సరం జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్‌పై దాడులు మొదలుపెట్టింది. 22న అమెరికా ఇరాన్ అణు కేంద్రాలను కొట్టింది. 23న ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికన్ వైమానిక స్థావరం మీద క్షిపణులు వదిలింది. ముందుగా కబురు అందినందున ప్రాణనష్టం లేదు. ఖతార్ ఖండించింది, బదులిచ్చే హక్కు తనకున్నదన్నది, మరునాటి కాల్పుల విరమణకు మధ్యవర్తిగా నిలిచింది. 23 ఉదయం 80 డాలర్లు దాటిన బ్రెంట్ ధర 24 సాయంత్రానికి 70 డాలర్ల దిగువకు వచ్చింది. సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ దోహాపై దాడి చేసినప్పుడు కూడా ఖతార్ ఆయుధం ఎత్తలేదు. ఆ తర్వాత ఖతార్ భద్రతకు హామీ ఇస్తూ అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేశారు. ఆ హామీ విలువ ఎంతో కాలమే చెప్పాలి. ఊరుకున్నందుకు ఖతార్ అడిగి పుచ్చుకున్న ధర మాత్రం అదే.

లెక్క తప్పిన సందర్భాలు

నాణేనికి రెండో వైపు చూపకపోతే ఈ వాదం దలాలీ మాట అవుతుంది.

మొదటిది కువైట్. యుద్ధ కాలమంతా ఇరాక్‌కు అప్పులిచ్చి, ఇరాన్ దెబ్బలు ఓర్చుకున్న ఆ దేశాన్ని 1990 ఆగస్టు 2న ఇరాకే మింగింది. అప్పు తీసుకున్నవాడే అప్పు పత్రం చింపి అప్పు ఇచ్చినవాడి ఇంట్లో కూర్చున్నాడు. సొమ్ముతో కొన్న శాంతికి గడువు ఎప్పుడు తీరుతుందో అమ్మేవాడి చేతిలో ఉంటుంది. అంతకు ముందు 20 డాలర్ల చేరువలో ఉన్న చమురు అక్టోబరులో 40 డాలర్లు దాటింది. అప్పుడు సౌదీ అరేబియా నిగ్రహం పాటించలేదు. అమెరికన్ సేనలను తన గడ్డ మీదికి ఆహ్వానించి యుద్ధంలో చేరింది. సరిహద్దుకు ఆవలనున్న పొరుగు గోదామే పోయిన తర్వాత, ఊరుకుంటే సరుకు దక్కుతుందన్న ఆశకు ఆధారం లేదు.

అయితే అసలు యుద్ధం మొదలైన 1991 జనవరి 17న చమురు ధర ఒక్క రోజులో 10 డాలర్లకు పైగా పడిపోవడం గమనార్హం. సౌదీ చమురు కేంద్రాలు భద్రంగా ఉంటాయని తేలడంతో ఐదు నెలలుగా ధరలో కూడుకున్న భయం ఒక్కసారిగా కరిగింది.

రెండవది యెమెన్. 2015 మార్చి 26న సౌదీ అరేబియా తన కూటమితో కలిసి యెమెన్‌పై వైమానిక దాడులు ప్రారంభించింది. ఎదుటివాడు పేదవాడు, తన ఆస్తి అతనికి అందదు అన్న అంచనా అప్పుడు ఉన్నది. నాలుగేళ్ళు తిరిగేసరికి హౌతీల డ్రోన్లు సౌదీ పైపులైన్ల దాకా వచ్చాయి. 2019 మే 14న తూర్పు, పడమర తీరాలను కలిపే చమురు పైపులైను పంపింగ్ కేంద్రాలపై దాడి జరిగింది. తర్వాత అబ్‌ఖైక్ వచ్చింది. అదే రాజ్యం, అదే నాయకత్వం 2015లో కొట్టింది, 2019లో ఆగింది. మధ్యలో మారినది గుణం కాదు. ఆస్తి శత్రువు గురిలోకి వచ్చింది.

కనుక ఈ నిగ్రహాన్ని శాశ్వత నియమంగా తీసుకోరాదు. నిలవ సరుకు దక్కుతుందన్న ఆశ ఉన్నంత కాలమే అది నిలుస్తుంది. వరుస దెబ్బలతో ఆ ఆశ పోయినా, ఎదుటివాడి చేతికి తన ఆస్తి అందదన్న ధీమా వచ్చినా చేయి లేస్తుంది.

నిగ్రహానికి కిరాయి ఎవరు చెల్లిస్తారు

ఊరుకోవడం ఉచితం కాదు. ఆ ఖర్చు పెద్ద ధర రూపంలో కాక చిన్న చిన్న పద్దులుగా బయటపడుతుంది. దీనికి మంచి ఉదాహరణ ఎర్ర సముద్రం.

2023 నవంబరు 19న హౌతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. తర్వాత నెలల తరబడి ఎర్ర సముద్రపు దారిన పోయే ఓడలపై దాడులు సాగాయి. పెద్ద కంటెయినర్ కంపెనీలు సూయజ్ కాలువ మానుకుని ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. ప్రయాణానికి పది పదిహేను రోజులు ఎక్కువ పట్టింది. కాలువ రుసుములే ప్రధాన విదేశీ మారకపు ఆదాయాలలో ఒకటైన ఈజిప్టు 2024లో సుమారు 700 కోట్ల డాలర్ల రాబడి పోగొట్టుకున్నది. అయినా ఈజిప్టు హౌతీల మీద యుద్ధానికి పోలేదు. అమెరికా ఏర్పాటు చేసిన నౌకా రక్షణ కూటమిలో పేరు ఇచ్చిన అరబ్ దేశం బహ్రెయిన్ ఒక్కటే. ఎర్ర సముద్రపు ఒడ్డునే యాన్బూ రేవు ఉన్న సౌదీ అరేబియా కూడా దూరంగా నిలిచింది. యెమెన్‌లో 2022 ఏప్రిల్ నుంచి కుదిరిన ఊరటను పాడుచేసుకోవడం దానికి ఇష్టం లేదు.

ఫలితం ఏమిటి? చమురు ధర పెద్దగా పెరగలేదు. ఓడ కిరాయి పెరిగింది, బీమా పెరిగింది, సరుకు ఆలస్యమయింది. నల్ల సముద్రపు రేవుల నుంచి కాకినాడ, కృష్ణపట్నం శుద్ధి కర్మాగారాలకు వచ్చే పొద్దుతిరుగుడు నూనెకు దారి అదే. మన తీరం నుంచి ఐరోపాకు పోయే రొయ్యలకూ దారి అదే. దాడి చేసినవాడు, దాడికి ఊరుకున్నవాడు ఇద్దరూ దూరాన ఉన్నారు. కిరాయి బిల్లు మాత్రం ఇక్కడి ఎగుమతిదారు, దిగుమతిదారు చేతికి వచ్చింది.

బీమా పద్దును ఒకసారి వేసి చూద్దాం. యుద్ధ ప్రమాద బీమాను ఓడ విలువలో ఇంత శాతమని, సాధారణంగా ఏడు రోజుల గడువుకు చెబుతారు. 10 కోట్ల డాలర్ల విలువ చేసే పెద్ద ట్యాంకరుకు ఒక శాతమంటే 10 లక్షల డాలర్లు. అందులో 20 లక్షల బ్యారెళ్ళ చమురు పడుతుంది. అంటే బ్యారెల్‌కు అర డాలరు. చమురు ధరలో అది కానరాదు. అదే 3 కోట్ల డాలర్ల ఓడలో 50 వేల టన్నుల యూరియా వస్తున్నదనుకుంటే, ఒక శాతం బీమా టన్నుకు 6 డాలర్లవుతుంది. సన్నపాటి మార్జిన్‌తో టెండరు వేసినవాడికి ఆ 6 డాలర్లే లాభనష్టాల గీత. యుద్ధ వార్త రాగానే చమురు వైపు చూసే మన వర్తకుడు తన సరుకు మీద పడే ఈ భారాన్ని లెక్కవేయడం మరచిపోతున్నాడు.

వర్తకులు గమనించవలసినవి

ఈ చరిత్ర నుంచి పనికివచ్చే మాటలు కొన్ని చెప్పి ముగిస్తాము.

దాడి వార్త వచ్చినప్పుడు మొదట ప్రాణనష్టం, ప్రకటనలు కాక, దెబ్బ తిన్నది ఏమిటో చూడాలి. ఓడ ఒకటి దెబ్బ తింటే కిరాయి పెరుగుతుంది. బాగుచేయదగిన యంత్రం దెబ్బ తింటే ధర పెరిగి దిగుతుంది. లోడింగు రేవు, మంచినీటి కర్మాగారం వంటివి వరుసగా దెబ్బ తింటే పైన చెప్పిన లెక్క మారడం మొదలయినట్లు.

రెండవది, దెబ్బ తిన్న దేశపు మాటలను జాగ్రత్తగా వినాలి. దాడి చేసినవాడి పేరు చెప్పడానికి జంకుతున్న ప్రభుత్వం కొట్టదలచుకోలేదని అర్థం. 2019లో ఎమిరేట్స్ చేసినది అదే. "హక్కు మాకున్నది" అన్నవాడు ఆ హక్కును ఇంకా బీరువాలోనే ఉంచాడు.

మూడవది, లండన్ బీమా సంస్థల వైఖరి. రాజకీయ నాయకుని ప్రసంగానికి ఖర్చు లేదు. బీమా సంస్థ ప్రతి అంకె వెనుక తన సొమ్ము పెడుతుంది. రేటు పెరిగినా బీమా దొరుకుతున్నదంటే ఓడలు నడుస్తాయి. ఏ రేటుకూ దొరకని రోజు సంగతి వేరు.

నాల్గవది, పక్కదారి ఉన్నదా అన్నది. 2024లో హొర్ముజ్ జలసంధి గుండా రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ళ చమురు, ఉత్పత్తులు పోయాయి. ప్రపంచ వాడకంలో దాదాపు ఐదో వంతు. సౌదీ అరేబియాకు యాన్బూ దాకా పైపులైను ఉన్నది. ఎమిరేట్స్‌కు 2012 నుంచి ఫుజైరా పైపులైను ఉన్నది. ఈ రెండూ కలిసినా జలసంధి గుండా పోయే మొత్తానికి చాలవు. కువైట్‌కు, ఖతార్ ద్రవరూప సహజవాయువుకు ఆ పాటి పక్కదారి కూడా లేదు. పక్కదారి లేని సరుకులో నిలవ లేకుండా కూర్చోవడం సాహసం. పక్కదారి ఉన్న సరుకులో భయంతో కొనడం దుబారా.

చివరగా, తమ ఎరువుల, వంటగ్యాసు, నూనెల వ్యాపారం గల్ఫ్ మీద ఆధారపడినవారు ఆ దేశాల నుంచే ఒక పాఠం నేర్వవచ్చు. వారు ఊరుకున్న కాలంలో ఖాళీగా కూర్చోలేదు. పైపులైన్లు వేశారు, విదేశాల్లో నిలవలు పెట్టారు, జెండాలు మార్చారు, శత్రువుతో మాట్లాడే దారి తెరిచి ఉంచారు. శాంతి ఉన్న నెలల్లో రెండో సరఫరాదారును వెతుక్కోవడం, బీమా షరతులు చదువుకోవడం, ఒప్పందంలో అదనపు కిరాయి ఎవరు భరించాలో ముందే రాయించుకోవడం మన వర్తకులు చేయగలిగిన పనులు. యుద్ధ వార్త వచ్చిన రోజున వీటిలో ఒక్కటీ చవకగా దొరకదు.